తుమ్మ బొంగరం, ఉప్పు నీళ్లు

మా మావ కొడుకు బొంగరం మేకును నాలుకతో తడిపేవాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ వికారమే. ముక్కు చీది, అదే చేత్తో తాడు చుట్టి, మేకును ఒకసారి నాకి, "ఇక సూడండ్రా" అనేవాడు. మేకు తడిస్తే బొంగరం ఎక్కువసేపు తిరుగుతుందని వాడి నమ్మకం. నిజానికి అది తిరిగేది నేను దాన్ని నీళ్లలో తేల్చి, కిందికి ఒరిగే బరువు వైపును గాజుపెంకుతో గీకి సరిచేసినందుకు. ఆ సంగతి మా ఇంట్లో తప్ప మా ఊరు నౌపడలో ఎవరికీ తెలియదు.

అరవైల చివరి మాట ఇది. నాకు పదమూడేళ్లు, వాడికి పదిహేను. వరసకు బావ. నేను పుట్టగానే పెద్దవాళ్లు మా ఇద్దరికీ పెళ్లని అనేసుకున్నారు, నన్నెవరూ అడగలేదు. మా నాన్న ఉప్పుమళ్లలో పనిచేసేవాడు. పెరట్లో ఆయన పాత కొడవలి ముక్క, ఒక సుత్తి, రెండు గాజుపెంకులు, ఇవీ నా పనిముట్లు.

మొదట వాడి పగిలిన బొంగరానికి బదులు జామకర్రతో ఒకటి చెక్కాను. తేలిగ్గా ఉండి, ఒక్క దెబ్బకే నేల మీద గీసిన గిరిలోంచి ఎగిరిపోయింది. తర్వాతది చింతకర్రతో. బరువు సరిపోయింది కానీ పొట్ట మరీ కిందికి పెట్టాను, తల ఊపుతూ తిరిగింది. మూడోది తుమ్మ. పొట్ట పైకి జరిపి, మేకు ఎర్రగా కాల్చి నిలువుగా దించాను. అది కుదిరింది. గిరిలో పెట్టిన బొంగరాలను అది పొడిచి పొడిచి చీల్చేది. ఆటలో ఓడినవాడి బొంగరాన్ని గిరి మధ్యలో పెట్టి మిగతావాళ్లు మేకులతో పొడవడం మా ఊరి పద్ధతి.

నేనెప్పుడూ వీధిలో బొంగరం వేయలేదు. "ఆడపిల్లవి, బజార్న బొంగరమేస్తే నలుగురూ ఏటనుకుంతారే?" అనేది అమ్మ. చెక్కడానికి మాత్రం అడ్డు చెప్పలేదు, మేనల్లుడికి పనికొస్తుంది కదా. స్టేషను వెనక ఖాళీ జాగాలో కుర్రాళ్లు ఆడుతుంటే నేను నూతి దగ్గర బిందె పెట్టుకుని చూసేదాన్ని.

అక్కడే విన్నాను. బొంగరం ఎవరు చేశారురా అని ఎవరో అడిగితే వాడు ఛాతీ విరిచి, "ఇంకెవుడు సేస్తాడు? నేనే సెక్కేను" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం వాడు వస్తే అడిగాను. "బావా, నేను సేసేనని ఒక్కసారి సెప్పరాదా?"

"ఒసే, నీకేటైనా మతిపోయిందా? ఆడది సేసిందంటే నాతో ఎవుడాడతాడు?" అని నవ్వి, నా చెంబులో నీళ్లే తాగి పోయాడు.

నాకింకేమీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట నలుగురిలో వాడి నోటి నుంచి రావాలి, అంతే. అది రాకపోయినా చెక్కడం మానలేదు. బుద్ధి లేకపోవడం అంటే అదే. ఇంకా మంచిది చేస్తే వాడే సిగ్గుపడి చెబుతాడనుకున్నాను. సిగ్గు అనేది ఉంటే కదా పడడానికి!

తుమ్మకు ఒక జబ్బుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నాలుగోదాన్ని తేల్చి చూడడానికి ఉప్పుమడి నుంచి తెచ్చిన చిక్కటి నీళ్లు వాడాను, వాటిలో బాగా తేలుతుందని. ఆ కుండలోనే మూడు రోజులు మరిచిపోయాను. తీసి నీడన ఆరబెడితే ఒక్క నెర్రె లేదు. ఎగిరి గంతేసి, మేకు దించి వాడికిచ్చాను. ఉప్పుమళ్ల గట్లలో పాతిన గుంజలు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, ఇదీ అంతే అనుకున్నాను. ఇనుము సంగతి తట్టలేదు. ఉప్పుమళ్ల పక్కన పుట్టి పెరిగి, నాన్న పారను ప్రతి ఏడాదీ తుప్పు ఎలా తినేస్తుందో చూస్తూ కూడా!

వానలు మొదలయ్యాక పర్లాకిమిడి నుంచి చిన్నరైల్లో ఒక కుర్రాడు చుట్టాలింటికొచ్చాడు. బొంగరంలో మొనగాడని పేరు. స్టేషను వెనక మూగిన జనంలో పెద్దవాళ్లు కూడా ఉన్నారు. మావాడు ముక్కు చీది, మేకు నాకి, విసిరాడు. బొంగరం నేలకు తగిలింది, మేకు ఊడి ఒక పక్క పడింది, కర్ర ఒక పక్క దొర్లింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏదో ఒకటి అంటాడనుకున్నాను. కానీ ఈసారి నిజంగానే మద్దెల ఓడు. చెమ్మ పట్టిన ఉప్పుకర్రలో మేకు తుప్పుతో పొట్టు పొట్టయింది.

గిరి మధ్యలో పెట్టారు దాన్ని. మూడో పోటుకు రెండు చెక్కలైంది. జనం గోల. అప్పుడు వాడు చెయ్యి సాచి నన్ను చూపించాడు.

"నాది కాదెహె! అదుగో, నూతికాడ ఉన్నాదే, అది సేసింది. అన్నీ అదే సేస్తాది. ఆడముండ సేసినది ఇలాగే ఏడుస్తాది!"

అందరూ తిరిగి నన్ను చూశారు. పడీపడీ నవ్వారు. పర్లాకిమిడి కుర్రాడొక్కడే నవ్వలేదు. చెక్క ముక్క తీసి వేలితో తడిమి, "ఇంత నున్నగా ఈ పిల్ల సేసిందా?" అన్నాడు.

బావ మీద అసహ్యం ఎప్పుడూ ఉన్నదే, కొత్తగా చెప్పేదేం లేదు. గెలిచినన్నాళ్లూ తనది, ఓడిన క్షణంలో నాది. నన్ను నలుగురిలో తిట్టాడు, నా బొంగరం ముక్కలై బురదలో పడి ఉంది. అయినా, "అది సేసింది" అన్న మాట చెవిన పడగానే నా ఒళ్లు పులకరించింది, సంతోషంతో నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకు ఇప్పటికీ రోత.