ఇండస్ట్రీ: గుడ్

మా వీధి చివర ఇంజనీరింగు పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు కిందటి వారం కొత్త ఫ్లెక్సీ కట్టారు. కోటూ టై వేసుకున్న కుర్రాడొకడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. శ్రీకాకుళం ఎండలో ఆ కోటుతో అలా ఎలా నవ్వగలుగుతున్నాడో వాడికే తెలియాలి. వాడి తల మీద ఎర్రటి అక్షరాలతో ‘ఇండస్ట్రీకి మీరు రెడీనా?’ అని ఉంది. పాల ప్యాకెట్టు కోసం రోజూ దాని కిందనుంచే వెళ్తాను. ఏ ఇండస్ట్రీకమ్మా అని పక్క ఫ్లాటు అమ్మాయిని అడిగితే, “అదేటాంటీ, ఇండస్ట్రీ అంటే సాఫ్ట్‌వేరే కదా!” అని నా అమాయకత్వానికి జాలిపడింది. పాలబూత్ అబ్బాయి మాత్రం ఇండస్ట్రీ అంటే సినిమాలే అంటాడు. ఎవరు పైకొచ్చారో, ఎవరు మునిగిపోయారో చిల్లర ఇస్తూ చెబుతాడు. ముప్పై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదాన్ని, నా నాలుక ఊరుకోదు. నాయనలారా, ఆ మాటకు మొదట కంప్యూటరూ కాదు, సినిమా కాదు, పొగగొట్టం కూడా కాదు అర్థం. పట్టిన పని విడవకుండా చేసుకుపోయే గుణాన్ని అలా అనేవారు అని చెప్పాలనిపిస్తుంది. ఎవరూ అడగరు. ఒంటరిగా ఉండే మనిషికి ఇదొక ఇబ్బంది, తెలిసినవన్నీ లోపలే ఉండిపోతాయి. అయినా వీళ్లకు చెప్పకపోతే పోయిందేమీ లేదు. చెప్పవలసినవాడు ఒకడుండేవాడు. వాడికి చెప్పలేదు.

మాది గరివిడి దగ్గర పల్లె. మెట్ట పొలం, గోగూ నువ్వులూ చోళ్లూ, చెరువు నిండిన ఏడు కాస్త వరి. మా పెరట్లో నిలబడితే మాంగనీసు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేది. ఊరంతా దాన్ని ఫేక్టరీ అంటే మా నాన్న ఒక్కడే ‘ఇండస్ట్రీ’ అనేవాడు. ఒకసారి రైల్లో ఎవరో ఆఫీసరు నోట ఆ మాట విన్నాడట. అప్పట్నుంచి చెప్పుల్లేని కాళ్లతో పొలం గట్టు మీద నిలబడి, “ఇండస్ట్రీలో పనంటే వానతో పని లేదు, ఎండతో పని లేదు” అని ఎద్దులతో సహా అందరికీ చెప్పేవాడు. నాన్నకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. దాన్ని పండక్కి తీసే పంచెలా జాగ్రత్తగా వాడేవాడు.

అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. ఆలస్యంగా బళ్లో వేశారు కాబట్టి, అప్పట్లో బడికి చివరిదైన పదకొండో తరగతికే పద్దెనిమిది నిండాయి. గడ్డం వచ్చినవాడు బెంచీ చివర కూర్చుంటే తోటి పిల్లలు మావా అని పిలిచేవారు. వాడు నవ్వేసేవాడు. నేను ఒకసారి చదివి గడగడా అప్పజెప్పి, మర్నాటికి మర్చిపోయే రకం. వాడు నాలుగుసార్లు చదివేవాడు, ఇక మర్చిపోయేవాడు కాదు. లెక్క తప్పితే కొట్టేయడు, మొదటినుంచి మళ్లీ చేస్తాడు. ఎద్దులకు నీళ్లు పెడుతూ కూడా పెదాలు కదుపుతూనే ఉండేవాడు. మాస్టారు కావాలని వాడి కోరిక. ఆ కోరిక నాకొక్కదానికే చెప్పాడు, నార కోసం గోగుకట్టలు నానబెట్టిన మడుగు దగ్గర, ఆ కుళ్లు వాసనలో ముక్కు మూసుకుని.

మా హెడ్మాస్టారు విజయనగరం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. సంగీతం పాడే ఇంటివారు, కోపం కూడా శ్రుతిలోనే పడేవారు. తెల్లవాళ్ల కాలంనాటి ప్రోగ్రెస్ కార్డులు బీరువానిండా మిగిలిపోతే పారేయడం ఇష్టంలేక మాకు అవే ఇచ్చేవారు. వాటిలో మార్కుల కింద రెండు గళ్లుండేవి. ఒకటి కాండక్ట్, రెండోది ఇండస్ట్రీ.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గోగు మోకాలెత్తు కూడా లేవలేదు. ఇద్దర్నీ చదివించడం నావల్ల కాదని నాన్న తేల్చేశాడు. “ఆడపిల్లకి ఎనిమిది సాలు. ఆడు పరీచ్చ గట్టెక్కితే సూద్దాం” అన్నాడు. నేను గడ్డిమేటు వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఇంకెవరి కోసమూ కాదు, నా కోసమే ఏడ్చాను. దసరా సెలవులిచ్చిన రోజున అన్న కార్డు ఇంటికొచ్చింది. వాడు ఎద్దుల్ని తోలుకురావడానికి వెళ్లాడు. నాన్న అరుగు మీద కూర్చుని, “ఏటి రాసేరే, సదూ” అని నా చేతికిచ్చాడు.

మార్కులు చదివాను. “కాండక్ట్, గుడ్. అంటే నడత మంచిదని” అన్నాను. తర్వాత “ఇండస్ట్రీ, గుడ్” అన్నాను. నాన్న లేచి నిలబడ్డాడు.

“ఇండస్ట్రీయా? ఎక్కడుంది, సూపించు.”

వేలు పెట్టి చూపించాను. అక్షరం రాని మనిషి ఆ మాటను చాలాసేపు చూశాడు.

“ఈడు ఇండస్ట్రీకి బాగుంటాడని రాసేరన్నమాట. దొడ్డ మనిషి ఆ మాస్టారు! మన కట్టం ఎలగ తెలిసిందో సూడు.”

నాకు అనుమానం వచ్చింది. లోపలికెళ్లి నా చిన్న డిక్షనరీ తీశాను. పరిశ్రమ అని ఉంది. మా సాంఘికశాస్త్రం పుస్తకంలో పరిశ్రమలు అనే పాఠానికి పొగగొట్టం బొమ్మే వేశారు. “పరిశ్రమ అనే ఉన్నాది నాన్నా” అని కేకేశాను. అన్న వచ్చి అంతా విన్నాడు. కొమ్ముతాడు ఇంకా చేతిలోనే ఉంది. “సరిగ్గా సూసేవా సెల్లీ?” అన్నాడు. సూసేనన్నాను. అంతవరకూ నా తప్పు లేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం గురించే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నాన్న, అన్నని తీసుకుని గేటు దగ్గరకు వెళ్లాలి. అమ్మ నాన్న పంచె ఉతికి కంచె మీద ఆరేసింది. నాకేం తోచక మళ్లీ డిక్షనరీ తెరిచాను. పరిశ్రమ తర్వాత, మడత పడిన చోట, ఇంకో వరుస ఉంది. కృషి, శ్రద్ధ, విడువక పనిచేయు గుణము. ఒక్కసారిగా అర్థమైంది. వీడు కష్టపడతాడు, చదివించండి అని చెప్పారాయన. మేము చదువు మాన్పించమన్నారని చదివాం. పెరట్లో నాన్న కనబడుతూనే ఉన్నాడు. నాన్నా అని ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది. పిలిస్తే అన్న బడికి వెళ్తాడు, నేను గొడ్ల వెంట వెళ్తాను. నేను డిక్షనరీ మూసేశాను. అప్పుడే అన్న ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒళ్లో పోసుకుని వచ్చి, “ఏటి, మొకం అలగున్నాది?” అన్నాడు. ఆకలి అన్నాను. తన వాటా కూడా నా పుస్తకం మీద పోసి వెళ్లిపోయాడు. పదమూడేళ్ల పిల్లవి, నీకేం తెలుసు అని ఎవరైనా అనొచ్చు. తెలుసు. అన్నీ తెలుసు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ రైలు పట్టాల వెంట నడిచి వెళ్లారు. నాన్న కార్డును తలపాగాలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర మేస్త్రీకి ఆ ఇంగ్లీషు ఎంత అర్థమైందో గాని, నిండుగా ఎదిగిన కుర్రాణ్ణి చూసి పనిలోకి తీసుకున్నాడు. సెలవులు అయ్యేసరికి హెడ్మాస్టారికి బదిలీ అయింది. వేసవి తర్వాత నేను తొమ్మిదో తరగతిలో చేరాను, కొత్త లంగా కట్టుకుని.

అన్న ఇండస్ట్రీకి నిజంగానే బాగున్నాడు. మొదట ముడిరాయి మోశాడు, తర్వాత ఫర్నేసు దగ్గరకు వెళ్లాడు, ఆఖరికి ఫోర్‌మన్ అయ్యాడు. లెక్కలు చేసినట్టే పని కూడా చేశాడు, తప్పితే మొదటినుంచి. ఎంత తోమినా చెవుల వెనక నల్లటి పొడి ఉండేది. వాడి జీతంతోనే విజయనగరంలో బి.ఎ., వాల్తేరులో ఎం.ఎ. చదివాను. వాడు కావాలనుకున్న మాస్టారు పని నేను చేశాను. పెళ్లి ఎందుకో కుదర్లేదు, తర్వాత కుదరకపోవడమే అలవాటైంది. క్లాసులో ఈ మాట వచ్చినప్పుడల్లా కాస్త ఎక్కువసేపే ఆగేదాన్ని. మన తెలుగులోనూ అంతే చూడండి అనేదాన్ని. పరిశ్రమ అంటే ఒకప్పుడు శ్రమే, ఇప్పుడు పొగగొట్టం. కృషి అంటే ఒకప్పుడు నాగలి దున్నడం, ఇప్పుడు ఏ పనిలోనైనా పడే పాటు. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో వచ్చేది కాదని తెలిశాక కొట్టేసేవారు.

అన్న ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా తీసేవాడు. “మా హెడ్మాస్టారు ఆనాడే కనిపెట్టేసేరు, ఇండస్ట్రీకి నేను బాగుంటానని. మా సెల్లే సదివింది!” అని నావైపు చెయ్యి చూపించేవాడు. అందరూ నవ్వేవారు. నేను మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. వేలకొద్దీ పిల్లల తప్పులు ఎర్ర ఇంకుతో దిద్దాను, ఇదొక్కటీ దిద్దలేకపోయాను. వాడు రిటైరైన రోజున ధైర్యం చేశాను. భోజనాల్లో పక్కన కూర్చుని, “అన్నా, ఆ కార్డులో మాట…” అన్నాను. “కార్డుకేటి, బాగానే ఉన్నాది. నువ్వు తిను, మజ్జిగ పోసుకో” అని తనే పోసేశాడు. విస్తరంతా మజ్జిగ అయింది. దాన్ని అన్నంతో అడ్డుకునే పనిలో పడ్డాను.

రిటైరయ్యాక ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను చేసేవాడు. “ఏటి సెల్లీ, తిన్నావా? ఏటి తిన్నావు?” అంతే, ఇంకో విషయం ఉండేది కాదు. ఒక్కదాన్నే కదా అని నేను ఉప్పుడుపిండితో సరిపెట్టుకున్న రోజు కూడా పప్పూ వంకాయకూరా అని చెప్పేదాన్ని. నమ్మేవాడో లేదో. కిందటేడు నిద్రలోనే పోయాడు. ఆదివారం నాలుగింటికి ఫోను చూసుకోవడం మాత్రం నాకు పోలేదు.

పోయిన నెల సంవత్సరీకానికి వెళ్లాను. చుట్టాలు వెళ్లిపోయాక వదిన ఆ కార్డు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“ఇది నువ్వే ఉంచుకోమ్మా. నాకు సదువు రాదు, ఏం సేసుకుంటాను? అయినా ఆ మాటకి అర్థం వేరంట గదా.”

నీకెవరు చెప్పారన్నాను.

“మీ అన్నే. పనిలో సేరిన మరసటేడు గరివిడి స్టేషన్లో ఆ మాస్టారు కనబడి కేకలేసేరంట. నేనొకటి రాస్తే మీరొకటి సదివేర్రా, ఇప్పుడైనా బడికి పోరా అని. ‘నేను మళ్లీ బడికెల్తే మా సెల్లి మానీయాల, అది సదువుకోనీండి’ అన్నారంట మీ అన్న.”

యాభై ఏళ్లకు పైమాట. ఆ కార్డు తీసి అందరికీ చూపించిన ప్రతిసారీ వాడికి తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు వదినా అన్నాను.

“బాధపడతావని. ‘ఆదివారం నాడు ఆ బుక్కు ముందరెట్టుకుని మొకం ఎలగెట్టిందో నేను సూసేను, అప్పుడు నాకు తెలీలేదు, మాస్టారు సెప్పేక తెలిసింది’ అనేవారు. ‘పాపం, ఆకలని సెప్పింది’ అని నవ్వేవారు. ఏటమ్మా, ఆ రోజు అన్నం తిన్లేదేటి నువ్వు?”

వదినకు నిజంగానే తెలియదు. ఆ నవ్వులో ఏముందో ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తిన్నాను వదినా, వేరుశనక్కాయలు తిన్నాను అన్నాను.

కార్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. హెడ్మాస్టారి సిరా గోధుమరంగుకి తిరిగింది గాని ‘గుడ్’ అన్న మాట చక్కగా కనిపిస్తోంది. ఇవాళ ఆదివారం. నాలుగింటికి ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. “అన్నా, నేను తప్పు చదవలేదు. సరిగ్గా చదివి ఊరుకున్నాను” అని గట్టిగానే అన్నాను. పక్క ఫ్లాటు అమ్మాయికి వినబడి ఉంటుంది, ఆంటీకి ఎవరో ఫోను చేశారనుకుని ఉంటుంది. ఇండస్ట్రీ అన్న మాటకు కాలం ఇన్ని అర్థాలు మార్చింది గాని, నేను ఊరుకున్న ఆ ఒక్క ఆదివారానికి మాత్రం ఇప్పటికీ ఒకటే అర్థం.