వ్యానుకు కట్టిన ఎద్దుల గంటలు

నా చిన్నప్పుడు మా ఊరికి తాగే నీళ్ళు వ్యానులో వచ్చేవి. మూడేండ్లుగా వానల్లేక బావుల్లో అడుగున బండలు తేలినాయి. మేత లేక మా నాయన ఎద్దుల జతను అమ్మి, యుద్ధం నాటి పాత వ్యానొకటి కొన్నాడు. వెనక తొట్టిలో ఆరు పీపాలు పట్టేవి. ఎనిమిది మైళ్ళ అవతలి తోటబావి నుంచి రోజూ నీళ్ళు తెచ్చి నలభై ఇండ్లకూ పంచేవాడు.

ఆయుధపూజనాడు నాయన దానిచేత నిమ్మకాయలు తొక్కించినాడు. నేనేమో ఇంట్లో మిగిలిపోయిన ఎద్దుల గంటలు తెచ్చి, బండి ముందరి కడ్డీలకు కట్టినాను. ఎద్దులు పోయినా వాటి సద్దు ఇంటికి రావాలని నా ఆశ. ఇంజన్ తిరిగినంత సేపూ అవి ఘల్లుఘల్లుమంటుంటే సాక్షాత్తూ దేవుడే మా బండెక్కి వస్తున్నట్టుండేది.

ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున ఖాళీ పీపాలతో బయలుదేరిన వ్యాను ఊరు దాటీ దాటగానే పెద్దగా ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. నేనూ బండిలోనే ఉన్నాను. ఇంజన్ ముందర హ్యాండిల్ దూర్చి, తిప్పి తిప్పి నాయన అరచేతులు బొబ్బలెక్కినాయి. కార్బొరేటర్‌లోంచి పొగ వెనక్కి తన్నడమే గానీ ఇంజన్ అందుకోలేదు.

బిందెలతో ఎదురుచూసే ఆడవాళ్ళు బండి దగ్గరికే వచ్చేసినారు. మా ఇంట్లో ఒక్క చెంబు నీళ్ళున్నాయి. పక్కింటి అక్కకు అదీ లేదు. ఆమె చంకలో చంటిబిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక పెదాలు చప్పరిస్తున్నాడు.

"ఏమన్నా, రేపు గూడా ఇంతేనా? చెప్పు, మూటలు గట్టుకోని ఏ దేశమన్నా పోతాం," అన్నది ఆమె.

నాయన బండెక్కి స్టీరింగు మీద తల ఆనించినాడు. ఆయన భుజాలు కదలడం చూసి నాకు భయమేసింది. కండ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

కాసేపటికి నాయన లేచి, ఎవరిదో సైకిల్ తీసుకుని పోయి, మధ్యాహ్నానికి మెకానిక్ సాయిబు తాతను వెంటబెట్టుకొచ్చినాడు. తోటబావి దోవలో లారీలు ఆగే షెడ్డు ఆయనదే. తాత పనిముట్లు తీయకముందే గంటల దగ్గర నిలబడిపోయినాడు.

"ముందుగా సద్దేమన్నా వచ్చిండెనా? కటకటమని, గొలుసు కొట్టుకున్నట్ల?"

"లేదు తాతా, బాగానే పోతాండె," అన్నాడు నాయన.

"నీకు యాడ వినపడతాదప్పా! అది నెలల నుంచి మొరపెట్టుకుంటాంటే, మీరు దాని ముందర భజన చేసుకుంటాండారు."

అంత బాధలోనూ జనం నవ్వినారు. నేను వ్యాను చాటుకు జరిగినాను. గంటలు కట్టిందెవరో నాయన చెప్పలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు.

రేడియేటర్ విప్పేముందు అందులోని తుప్పునీళ్ళను తాత చుక్క పోకుండా బొక్కెనలో పట్టినాడు. పక్కింటి అక్క ఆ బొక్కెన వంకే చూస్తున్నది. తాత తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టి, మళ్ళా బండి కింద దూరినాడు.

ఇంజన్ ముందరి మూత తీస్తే లోపల రెండు పళ్ళచక్రాలు, వాటిని కలిపి తిప్పే గొలుసు కనపడినాయి. టైమింగ్ చైను అనే మాట ఆ రోజే విన్నాను. అది సాగి సాగి వదులై, చక్రం మీద ఒక పన్ను దాటేసింది; దాంతో ఇంజన్ తాళం తప్పింది. తాత సైకిల్ మీద షెడ్డుకు పోయి, అక్కడ మూలనపడ్డ ఏదో బండిలోంచి తీసి దాచుకున్న గొలుసు తెచ్చినాడు. చక్రాల మీది రెండు గుర్తులూ ఎదురెదురుగా నిలిపి, కిరోసిన్‌లో కడిగిన ఆ గొలుసు ఎక్కించినాడు.

అంతా బిగించినాక గంటలు విప్పి నా ఒడిలో వేసినాడు. కట్టింది నేనేనని నా మొహం చూసే కనిపెట్టినట్టున్నాడు. నాయన హ్యాండిల్ తిప్పితే మూడోసారికి ఇంజన్ అందుకుంది. తాత ఒక కట్టె కొన ఇంజన్‌కు ఆనించి, రెండో కొన నా చెవికి పెట్టినాడు. తిరగలి ఆడినట్టు మెత్తని సద్దు.

"గంట నువ్వు దేవునికి చెప్పుకునేది, బిడ్డా. ఇది నీకు చెప్పేది. దీన్నీ వినల్ల," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఊళ్ళోకి నీళ్ళొచ్చినాయి. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా నాయన ఇంజన్ తిప్పగానే నేను ఆ కట్టె పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ గంటల్లో ఒకటి ఇప్పటికీ నా దేవుడి గూట్లో ఉంది. దాన్ని చూస్తే నా తప్పును నలుగురిలో పెట్టని నాయనకూ, తన సీసా ఇచ్చేసి ఎండలో పనిచేసిన తాతకూ చేతులు వాటంతటవే జోడవుతాయి. దీపం పెట్టినాక వెంటనే గంట కొట్టను. కాసేపు ఊరికే కూర్చుని ఇంటిని వింటాను. కోడలి దగ్గు, మనవరాలి అడుగు, వంటింట్లో గిన్నె పెట్టిన తీరు. ఎక్కడన్నా కటకటమంటే లేచి ముందు వాళ్ళ దగ్గరికే పోతాను. అంతసేపూ దేవుడు ఓపిక పడతాడు.