వాకిట్లో పలికిన సెట్టు

మా బావ ఏ వస్తువు బాగుచేసినా దాన్ని పట్టుకుని కిలోమీటరు నడిచేవాడు. పక్కింటివాళ్ల టార్చిలైటు బాగుచేస్తే సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి, మేడ మీద నిలబడ్డ మా అక్కను కనపడుతోందో లేదో చెయ్యి ఊపి చెప్పమనేవాడు. ఇంటికి ఫోను పెట్టించిన రోజున పక్కింట్లోంచి చేస్తే ఒప్పుకోలేదు. బస్సెక్కి ఊరవతలికి పోయి అక్కణ్నించి చేశాడు. "ఈయనకు ఇంట్లో పలికేదేదీ నమ్మకం లేదు, నాతో సహా" అని అక్క నవ్వేది. బావ నవ్వేవాడు కాదు.

ఆయన సైన్యంలో ఇరవై రెండేళ్లు రేడియో మెకానిక్కు. సిపాయిలు వీపున మోసుకుపోయే సెట్లను బాగుచేసి, పరీక్షించి పంపడం పని. అక్కడందరికీ ఆయన మేస్త్రీయే. ఈ నడక సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, పళ్లన్నీ ఊడిపోయిన వయసులో, నేను అడగకుండానే.

వర్క్‌షాపు అంటే ఒక రేకుల షెడ్డు. లోపల పొడుగాటి బల్ల, దాని మీద విప్పిన సెట్ల పేగులు. వెనక సిమెంటు వాకిలి, వాకిలి మూల బట్టలుతికే బండ. అక్కడికి కిలోమీటరు దూరంలో నీళ్ల ట్యాంకు. బాగుచేసిన ప్రతి సెట్టునూ ఒకరు ట్యాంకు దాకా మోసుకెళ్లి అక్కణ్నించి పలకాలి. ఇక్కడ వినపడితే బావ పుస్తకంలో రాసి, తన సంతకం ఉన్న పసుపు చీటీ సెట్టు పిడికి కట్టాలి. అది నియమం. ఎందుకంటే దగ్గర్లో ఏ సెట్టయినా పలుకుతుంది. ఏరియల్ విరిగిపోయినా సరే, పది అడుగుల దూరంలో రెండు సెట్లు హాయిగా కబుర్లు చెప్పుకుంటాయి. వాటి బండారం దూరం పోయాకే బయటపడుతుంది.

ఆ రోజు పదకొండు సెట్లు పంపాలి. మధ్యాహ్నం బస్సుకు అక్క వస్తోంది, మూడు నెలల పాపతో. బావ కూతురి ముఖం అప్పటికింకా చూడలేదు. ఎనిమిది సెట్లు ట్యాంకు దాకా వెళ్లొచ్చాయి. మోసినవాణ్ని అందరూ గంట అనేవారు. గొంతు అంత ఖంగున మోగుతుంది కనుక ఆ పేరు. అతను ఆపరేటరు. తొమ్మిదో సెట్టు మర్నాడు అతను వీపున వేసుకుపోవలసినదే.

గంట బండ మీద కూలబడి బూట్లు విప్పేశాడు.

"ఇక నా వల్ల కాదు మేస్త్రీ. కాళ్లనుకున్నావా, బండి చక్రాలనుకున్నావా?"

"ఇంకా మూడే. లేవరా నాయనా."

"బస్సొచ్చే వేళయింది. పాప దిగేసరికి నువ్విక్కడ ఈ ఇనప్పెట్టెతో సరసాలాడుతుంటే మా వదిన నిన్ను బతకనిస్తుందా? ఇక్కణ్నించే పలుకుతాను. ట్యాంకు దాకా నడిచానని రాసేసుకో."

పన్నెండు అడుగుల దూరంలో కూర్చుని, మైకు మూతికి ఆనించుకుని, "చిన్నాన్నను మాట్లాడుతున్నా, పాప దిగిందా?" అన్నాడు. సెట్టు బ్రహ్మాండంగా పలికింది. ఏరియల్ కడ్డీ బిగించేటప్పుడు కింద మర కాస్త ఆడినట్టనిపించింది బావకు. పలికింది కదా అనుకున్నాడు. రాశాడు, చీటీ కట్టాడు, మిగతా రెండూ వచ్చాక చూద్దామని బస్సు దగ్గరికి పరుగెత్తాడు.

"నీ చీటీ కడితే ఇటుకైనా పలుకుతుంది, ఫో!" అని వెనకనించి గంట అరిచాడు.

మర్నాడు ఆరుగురు, గంటతో కలిపి, సరిహద్దు కొండ ఎక్కారు. నాలుగు రోజులు అక్కడ దాక్కుని, పిలిస్తే తప్ప సెట్టులో పలకకుండా, అవతలి వాళ్ల కదలికలు చూడాలి. మూడో రోజున ఆజ్ఞ మారింది. శత్రువు అవతలి వాలునించి శిఖరం మీదికి ఎక్కుతున్నాడు. సాయంత్రం నాలుగింటికి మన ఫిరంగులు ఆ శిఖరాన్ని కొడతాయి. ఆరుగురూ ఆలోపు దిగి వాగు దగ్గరికి రావాలి. ఆ మాట చెబుదామంటే కొండ మీదినుంచి జవాబు లేదు. కాల్పులు వాయిదా వేయమని కెప్టెన్ రెండుసార్లు బతిమాలాడు. శిఖరం వాళ్ల చేతికి పోతే కింద ఉన్న నాలుగు వందల మందికి దిక్కెవరని పైవాళ్లు అడిగారు.

బావను జీపులో కొండ కిందికి తెచ్చేసరికి ఒంటిగంటన్నర. ఇసుక బస్తాల మధ్య ఒక గుడారం, అందులో పెద్ద సెట్టు. బ్యాటరీ మార్చాడు. మైకు మార్చాడు. ఏరియల్ తీగ తీసి చెట్టుకొమ్మ మీదికి ఎగరేసి కట్టాడు. మిగతా పోస్టులన్నీ పలుకుతున్నాయి. కొండ ఒక్కటే పలకడం లేదు.

"వాళ్లు తీసుకెళ్లిన సెట్టు నంబరెంతండీ?" అని అడిగాడు.

కెప్టెన్ పుస్తకం చూసి చెప్పాడు. తొమ్మిదోది. వేళ్ల కింద ఆడిన ఆ మర బావకు గుర్తొచ్చింది.

అప్పటికి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంకో సెట్టు తీసుకుని, ఏరియల్ మరను కావాలని వదులు చేసి జీపు డ్రైవరు చేతికిచ్చాడు. "ఐదో కిలోమీటరు రాయి దగ్గర ఆగు. నేను పిలుస్తాను. వినపడితే జవాబు చెప్పు, విన్నది కాగితం మీద రాసుకురా."

బావ పిలిచాడు. సెట్టులో హోరు తప్ప ఏమీ లేదు. డ్రైవరు తిరిగొచ్చేసరికి రెండూ నలభై. కాగితం మీద బావ అన్న ప్రతి మాటా ఉంది.

"మరి జవాబు చెప్పలేదేం?"

"చెప్పలేదా! గొంతు చిరిగేలా అరిచాను మేస్త్రీ. పొలంలో గొడ్లు బెదిరిపోయాయి. నీకు వినపళ్లేదా?"

అంటే గంట వింటున్నాడు. జవాబు చెబుతున్నాడు. ఈ పెద్ద సెట్టుకున్న బలం దానికి లేదు కనుక ఆ జవాబే ఇక్కడికి చేరడం లేదు.

"వింటుంటే దిగాలి కదయ్యా!" అన్నాడు కెప్టెన్. "పొద్దుటినుంచి వంద సార్లు చెప్పాం."

"దిగరండి."

శత్రువు మన సెట్టు పట్టుకుని, మన మాటల్లోనే దిగిరమ్మని పిలిచి చంపిన రోజులవి. దిగమని ఆజ్ఞ వస్తే ఆపరేటరు ఒక గుర్తుమాట అడగాలి. ఆ మాటను బట్టి జవాబు మాట మారుతుంది. సరైన జవాబు రాకపోతే నమ్మకూడదు. తమ మాట చేరడం లేదేమోనని ఇంకా పైకి ఎక్కి మళ్లీ పిలవాలి. గంట అడుగుతున్నదేమిటో ఇక్కడ వినపడదు. కాబట్టి పొద్దుటినుంచి పిలిచిన ఒక్కో పిలుపూ వాళ్లను ఒక్కో అడుగు శిఖరం మీదికే ఎక్కిస్తోంది.

మూడూ పది.

"వాడు నమ్మే మాట ఒకటుందండి" అన్నాడు బావ. "నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు." బస్సు, బండ, పన్నెండు అడుగులు, అన్నీ చెప్పాడు.

కెప్టెన్ పుస్తకం మీద చెయ్యి వేశాడు. "ఇది ప్రతి పోస్టూ వింటుంది. పుస్తకంలోకి ఎక్కుతుంది. నీతోపాటు వాడి ఉద్యోగమూ పోతుంది."

"బతికుంటే కదండీ, పోవడానికి."

మీట నొక్కాడు. "గంటా, మేస్త్రీని. నువ్వు ట్యాంకు దాకా నడవలేదు. బండ మీద కూర్చుని బూట్లు విప్పావు. పన్నెండు అడుగుల్లో చిన్నాన్ననని పలికావు. నేను పుస్తకంలో అబద్ధం రాశాను. లోపం కొండది కాదు, సెట్టుది. ఆ చీటీ చింపెయ్. పైకి ఎక్కకు. ఏరియల్ కడ్డీ పీకేసి, మర కన్నంలో తీగ కొస దూర్చి మెలిపెట్టు, రెండో కొస పొద మీదికి విసురు. నాలుగింటికి శిఖరం కొడుతున్నారు. అందర్నీ దింపు."

మీట వదిలాడు. హోరు.

అవతల ఎవరైనా మీట నొక్కితే మాటకంటే ముందు ఆ హోరు ఆగుతుంది. బావ ఆ ఆగడం కోసం వింటూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పాడు. మళ్లీ. ప్రతిసారీ అబద్ధం రాశాను అన్న చోట డ్రైవరు తల దించుకున్నాడు. పదకొండోసారి చెప్పేసరికి నోరు ఎండి మాట తడబడింది. మూడూ ముప్పై అయిదు.

హోరు ఆగింది. మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది.

"మేస్త్రీ." గంట గొంతు ఎగశ్వాసలో ఉంది. "ఊరంతా దండోరా వేశావు కదయ్యా."

"దిగారా?"

"నలుగుర్ని దింపేశా. నాయకుడు పైన ఉన్నాడు. ఈ సెట్టుకు మంచి చోటు వెతుకుతానని రెండున్నరకే పోయాడు. కేకేసినా వినపడనంత దూరం. పిలుచుకొస్తా."

"టైము లేదురా! నువ్వు దిగు!"

హోరు.

నాలుగింటికి ఫిరంగులు మోగాయి. గుడారంలో టీ గ్లాసులు బల్ల అంచుదాకా జరిగి కిందపడ్డాయి, ఎవరూ తీయలేదు. ఐదున్నరకు నలుగురు వాగు దాటి వచ్చారు. చీకటి పడబోతుండగా నాయకుడు వచ్చాడు, గంటను భుజాన వేసుకుని. గంట రెండు చెవుల్లోంచీ నెత్తురు కారి మెడ మీద ఎండిపోయి ఉంది.

విచారణలో బావ చొక్కా చేతి మీది హోదా గీతలు పీకేశారు. గంటను ఏమీ చేయలేదు. వినికిడి మొత్తం పోయినవాణ్ని ఇంకేం చేస్తారు? నెల తర్వాత బావ ఆసుపత్రికి వెళ్లాడు. నోటితో చెబితే లాభం లేదని కాగితం మీద రాసి తీసుకెళ్లాడు: "తప్పు నాది. ఆ రోజు నేనే నడవాల్సింది."

గంట చదివాడు. తన గొంతు తనకే వినపడదు కనుక, వార్డంతా తిరిగి చూసేలా అరిచాడు:

"ఒక చీటీ చింపేసరికి నా తాతలు దిగొచ్చారు! మళ్లీ ఇంకోటా?"

కాగితం మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. ఈసారి బాగా నెమ్మదిగా, "పాప ఎలా ఉంది?" అన్నాడు.

"బోర్లా పడుతోంది" అన్నాడు బావ.

గంట ఆయన పెదాల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. బావ మంచం మీదికి వంగి, చెవికి నోరు ఆనించి, మళ్లీ చెప్పాడు. మధ్యలో బెత్తెడు దూరం కూడా లేదు, అయినా మాట చేరలేదు, అన్నాడు నాతో.