చెవి ఎత్తు

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో ఒకసారి నా పక్కన ఒక సౌండు సిస్టం మనిషి కూర్చున్నాడు. మా వైపు భారతం ఉత్సవాల్లో మధ్యాహ్నం పూట హరికథ చెప్పడం నా వృత్తి. ఆ మాట తెలియగానే అతను ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి, ముందురోజు ఏదో ఊళ్లో కొలిచిన శబ్దాన్ని గీతగా చూపించాడు.

“ఈడ గుట్ట మాదిరి లేసింది సూడండి సామీ. ఇది ఉత్త మోత. మీ మాటను మింగేస్తాది. దీన్ని తగ్గిస్తే మాట తేటగా వినబడతాది.”

నేనేమో ఎక్కడికి వెళ్లినా “పెంచప్పా, ఇంకా పెంచు” అని అరిచేవాణ్ణి. కాస్త చిన్నబోయి, “కొలిచే మైకు యాడ పెడతావప్పా?” అని అడిగాను.

అతను సంచిలోంచి పెన్నులాంటి సన్నని మైకు తీసి, సీట్లోంచి లేచి, బస్సు నడవలో మఠం వేసుకుని కూర్చున్నాడు. కండక్టరు కసిరినా లేవలేదు. మైకును తన చెవి పక్కన పట్టుకున్నాడు.

“ఎనకాల కూసునే అవ్వల చెవి ఈడ ఉంటాది సామీ. అందరూ నిలబడి కొలుస్తారు. కతకొచ్చినోళ్లు నేల మింద గదా కూసుండేది?”

వెనక వరుస అవ్వలు కథ మధ్యలో లేచిపోతే, భక్తి తగ్గిపోయిందని వేదిక మీదినుంచే దెప్పినవాణ్ణి నేను.

అతని పేరు అడగడం మరిచాను. ఇప్పుడు ఏ ఊరెళ్లినా ముందు వెనక వరుసకు పోయి నేల మీద కూర్చుంటాను. మా హార్మోనియం ఆయన వేదిక మీద ఒక పద్యం చదువుతాడు. ప్రతి మాటా చెవికి అందితేనే గజ్జె కడతాను.