మా ఆఫీసు దేవుడి ముందు యాదమ్మ

మాదాపూర్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కుర్రాళ్లు ఒక మతం పెట్టారు. ఏదో ఇంగ్లీషు అంతరిక్ష నవలలో తప్పులు మింగే జీవి ఉందట, ఒంటి నిండా కళ్లు. దాని బొమ్మను సర్వర్ గది తలుపుకు అంటించి, ప్రోగ్రాం నడిపే ముందు బిస్కెట్ నైవేద్యం పెట్టి, కళ్లు మూసుకుని దండం పెడతారు. దేవుళ్లను భలే వెక్కిరిస్తున్నారని నేనూ మెచ్చుకున్నాను.

ఈ సాయంత్రం చూస్తే, మా ఆఫీసు ఊడ్చే యాదమ్మ ఆ బొమ్మకు కుంకుమ పెడుతోంది. పక్కన కడుతున్న బిల్డింగులో కూలి పని చేస్తూ పరంజా మీంచి పడిన ఆమె భర్త ఇంకా కళ్లు తెరవలేదు. పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్ దవాఖాన గుమ్మం తొక్కలేదు. అడగాల్సింది ఆ కాంట్రాక్టర్ని, ఈమె అడుగుతున్నది కాగితాన్ని! నాకు ఒళ్లు మండింది.

"యాదమ్మా, అది దేవుడు కాదు. పిల్లలు నవ్వులాటకి పెట్టారు."

"గంత సదువుకున్నోళ్లు ఉత్తగనే దండం పెడ్తరా సారూ? జర పక్కకు జరుగుండ్రి, దేవుని మీద మీ నీడ పడ్తున్నది."

జరిగాను. ఎవరితోనైనా వాదనకు దిగే నేను, ఒక కాగితం మీద నీడ పడకుండా జరిగాను.

ఇంటికొచ్చినా ఆ కళ్లన్నీ నన్నే చూస్తున్నట్టుంది. పొద్దున్నే వెళ్లి ఆ బొమ్మ చింపెయ్యాలా, యాదమ్మ భర్త కళ్లు తెరిచేదాకా ఉంచాలా? నాస్తిక మిత్రులారా, తిడితే తిట్టండి గానీ, జవాబు చెప్పి తిట్టండి.