నలభై ఏడు సెకన్ల జాన్సన్

మెడలో స్టాప్‌వాచ్ లేకుండా జాన్సన్‌ను చూసినవాళ్లు మెట్‌పల్లిలో లేరు. ఆ స్టాప్‌వాచ్‌నే సాక్షిగా నిలబెట్టి ఇంటివాళ్లే అతన్ని ముందుగదిలోంచి వెళ్లగొట్టారు. నిలబెట్టింది మేనల్లుడు జోయల్.

జాన్సన్ కొలవని సెకను లేదు. బస్సు ఆగితే నొక్కుతాడు, చాయ్ పొంగితే నొక్కుతాడు. చర్చిలో పాస్టరుగారు "చివరిగా ఒక్క మాట" అనగానే నొక్కుతాడు. ఆ ఒక్క మాట పందొమ్మిది నిమిషాలు నడిచిందని బయటికొచ్చాక పాస్టరుగారికే చెప్తాడు. పెళ్లినాడు "ఇతన్ని చేసుకుంటావా?" అని అడిగితే మహిమ ఆరు సెకన్లు ఆగిందని భార్యను ఇప్పటికీ దెప్పుతాడు.

"ఆలోచించొద్దా మరి?" అంటుంది మహిమ.

"ఆలోచించి గూడ చేసుకున్నవ్. తప్పు నీదే."

మహిమ జోయల్‌కు మేనత్త. జాన్సన్ ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి ఇరవై రెండేళ్లు. ముందుగదిలో నెట్ సెంటర్ పెట్టి, వీధిలోని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఏటా పింఛను కోసం వేలిముద్రలు వేయించేవాడు. అతనిది ముసలి కంప్యూటరు. వేలిముద్రల మిషన్‌తో బ్రౌజరు మాట్లాడాలంటే మధ్యలో, బయటినుంచి తెచ్చి పెట్టిన ప్లగిన్ అనే ప్రోగ్రాము ఒకటి ఉండాలి. అది నిద్ర లేచిందంటే ఫ్యాను పిండిగిర్నీలా మోగేది, మిగతా పేజీలన్నీ బిగుసుకుపోయేవి.

జోయల్ డిగ్రీ మధ్యలో వదిలేసి, ఫోన్‌లో చదువుకుని వెబ్‌సైట్ల పని నేర్చాడు. కరీంనగర్‌లో తొమ్మిది చోట్ల "మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. ఒక్కడూ చేయలేదు. కసి తీర్చుకుందామంటే లోకం చేతికందలేదు. మామ అందాడు.

"మామా, ప్లగిన్ల జమానా పోయింది. కొత్త పేజీల బ్రౌజరే మిషన్‌తోని సీదా మాట్లాడ్తది. పది సెకన్లు!"

"ఎరుకే. అది ఇంట్ల పుట్టిన కొడుకు. పిలిస్తె ఉరికొస్తడు, తక్కువ తింటడు. ప్లగిన్ ఇల్లటం అల్లుడు. బయటికెల్లి వచ్చినోడు. గంపెడు తింటడు, ఇల్లంత లొల్లి జేస్తడు. కని..."

"కని ఏంది?"

"పది సెకన్లు చూసి కొడుకు నాతోని కాదంటడు. అల్లుడు అట్ల అనలేడు."

జోయల్ నవ్వాడు. ఆ సాయంత్రమే, ఏ ముద్రకు ఎన్ని సెకన్లు పట్టిందో మామ రాసుకునే నోటుబుక్కు ఎత్తుకొచ్చి, మొదటి పేజీలో మొదటి ముక్క నాయనమ్మ లచ్చవ్వ ముందు చదివాడు.

"ల, ఎడమ ఉంగరం వేలు, నలభై ఏడు సెకన్లు! చూసినవా నాయినమ్మా? ఒక్క ఏలికి!"

ఇల్లు లచ్చవ్వది. తీర్పూ ఆమెదే. "ఇరవై రెండేండ్లు కూసుండవెట్టి మేపిన. ఇగ పోరన్ని బతకనీ."

జాన్సన్ వాచీ నొక్కి, "నాలుగు సెకన్ల తీర్పు. జల్ది చేసినవ్ అత్తమ్మా," అని ముసలి కంప్యూటర్ ఎత్తుకుని పెరట్లో బీడీల తునికాకు దాచే గదిలోకి మారాడు.

జోయల్ "పది సెకన్లలో పని" అని బోర్డు కట్టాడు. ఇన్నేళ్లూ జాన్సన్ బెంచీ మీద కూర్చుని, జాన్సన్ చాయే తాగిన వీధి మర్నాటికల్లా ఇటు తిరిగింది. మనుషులు మరిచిపోవడానికి పట్టే కాలాన్ని ఆ ఒక్కసారి జాన్సన్ కొలవలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు మాత్రం బోర్డు కింద ఆగకుండా, సందులోంచి పెరట్లోకి పోయేవాళ్లు. 'ముసలివాళ్లకు పాతదే కావాలి' అనుకున్నాడు జోయల్.

పది నెలలకు లచ్చవ్వ వంతు వచ్చింది. ముద్ర పడకపోతే పింఛను ఆగిపోతుంది. మనవడు ఆమెను కొత్త కుర్చీలో కూర్చోబెట్టాడు. పది సెకన్లు: ముద్ర స్పష్టంగా లేదు. మళ్లీ పది: లేదు. మూడోసారికి పేజీ ఆ రోజుకు తలుపు మూసేసింది. మర్నాడూ అంతే. గడువు ఇంకొక్క రోజే ఉంది.

లచ్చవ్వ తన వేళ్లు చూసుకుంది. యాభై ఏళ్లు బీడీలు చుట్టి, గీతలన్నీ ఆకుకే ఇచ్చేసిన వేళ్లు.

"నిరుడు పడె గదరా!"

"నిరుడెట్ల పడ్డది?"

"నాకేమెరుక? అల్లుడు ఏలు వట్టుకొని కూసుండె."

ఆఖరి రోజు ఇద్దరూ పెరట్లోకి పోయారు. జాన్సన్ గిన్నెలో నీళ్లు వేడిచేసి అత్త చెయ్యి కాసేపు ముంచి ఉంచాడు, తుడిచాడు, ఎడమ ఉంగరం వేలిని మిషన్ మీద పెట్టి వాచీ నొక్కాడు. ఫ్యాను గర్జించింది. పది. ఇరవై. ప్లగిన్ ముద్ర తీస్తోంది, పారేస్తోంది, మళ్లీ తీస్తోంది. విసుక్కోవడం లేదు.

జోయల్ ఊరికే నిలబడలేక నోటుబుక్కు తెరిచాడు. 'కనకవ్వ, కుడి బొటనవేలు, 33, నూనె రాయాలె.' 'కమలవ్వ, ఎడమ చూపుడువేలు, 52, తొందర పెట్టొద్దు.' అందరి పేర్లూ నిండుగా ఉన్నాయి. ఒక్క మొదటి పేజీలోనే, అత్తగారి పేరు రాయడం మర్యాద కాదని కాబోలు, మామ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు: 'ల, ఎడమ ఉంగరం వేలు, 47.' దాని కింద, జోయల్ ఆనాడు చదవకుండా వదిలేసిన ముక్క: 'వేడినీళ్లు. చెయ్యి నొయ్యద్దు.'

పచ్చ లైటు వెలిగింది.

"నలభై ఏడు," అన్నాడు జాన్సన్. "ఏం ముదురలే అత్తమ్మా, నిరుటి లెక్కనే ఉన్నవ్."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, సిగ్గుకో.

జోయల్‌కు మాట పెగలడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. మొన్న ఆదివారం, చర్చి బయట, చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి అన్నాడు:

"మామా, రేపటి సంది ముందుగదిల కూసో. నీ డబ్బా, నా డబ్బా పక్కపక్కన పెడ్దాం."

జాన్సన్ మెడలోని వాచీ ఎత్తి చూసుకున్నాడు.

"పదకొండు నెల్ల నాలుగు దినాలు," అన్నాడు. "ఇంట్ల పుట్టినోనివి గదా, జర జల్దినే అంటవనుకున్న."