చర్చి బొమ్మ ఉన్న ఆల్బమ్

పెళ్లయి శ్రీకాకుళం వచ్చాక కూడా రాజాం డిగ్రీ కాలేజీలో నా ఉద్యోగం మానలేదు. పొద్దున ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, చిలకపాలెం దగ్గర హైవే వదిలి, పొందూరు మీదుగా రాజాం చేరడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. వెనక బెంచీ దాకా వినిపించాలని అరిచి అరిచి, తిరుగు బస్సు ఎక్కేసరికి ఇక నోరు విప్పబుద్ధయ్యేది కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవడం అప్పట్లో నాకున్న పెద్ద సుఖం.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన కరెంటాఫీసులో ఇంజనీరు. గాలి వీచినా వాన కురిసినా ఫోన్ మోగితే లేచి వెళ్లిపోవాల్సిన ఉద్యోగం. మా అత్త మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పొట్టి మనిషి, చురుకైన నడక. ఇంట్లో కూడా వార్డులో తిరిగినట్టే తిరిగేది. మంచం మీద దుప్పటి ముడత పడి ఉంటే ఆవిడ చూసి ఊరుకునేది కాదు. మా ఇద్దరికీ గొడవల్లేవు. అలాగని మాటలూ పెద్దగా లేవు. "తిన్నావా?" "తిన్నానత్తా." "బస్సు ఆలస్యమైనాదా?" "కొంచెం." అంతే, ఎవరి పనిలో వాళ్లం పడేవాళ్లం.

ఆదివారం చర్చికి కలిసి వెళ్లేవాళ్లం. పాటలప్పుడు ఆవిడ పెదవులు కదిపేది గాని గొంతు పక్కనున్న నాకే వినిపించేది కాదు. పాటలంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. కానీ ఓ క్రిస్మస్‌కి టీవీలో ఏదో దేశపు కోయిర్ బృందం పాడుతుంటే, చేతిలో గిన్నె చేతిలోనే ఉండగా, పాట అయిపోయేదాకా నిలబడి చూసింది. ఆ తర్వాత గిన్నె కడగడానికి వెళ్లిపోయింది.

అది మనసులో పెట్టుకునే ఓ సాయంత్రం రాజాంలో బస్సెక్కే ముందు, సెల్‌ఫోన్ షాపులో ఆగాను. ఆ రోజుల్లో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చే షాపులు వీధికొకటి ఉండేవి. షాపాయన కంప్యూటర్ నిండా సినిమా పాటలే.

"ఇంగ్లీషు కోయిర్ పాటలుంటే వెయ్యండి. చర్చిలో పాడేవి," అన్నాను.

ఆయన చాలాసేపు వెతికి, ఓ ఫోల్డర్ తెరిచి, "ఇదుగో మేడమ్. సర్చి బొమ్మ ఉన్నాది, దేవదూత కూడా ఉన్నాది. ఇయ్యే," అన్నాడు.

నిజమే. కవరు మీద నల్లని మేఘాల కింద పాతకాలపు రాతి చర్చి, పక్కన తల వంచిన రెక్కల మనిషి. నేనూ నమ్మేశాను.

బస్సు కదిలాక మొదటి పాట పెట్టాను. గంట మోగింది. తర్వాత ఆర్గన్. దాని వెనకే ఓ పెద్ద కోయిర్ మెల్లగా లేచింది. మా అత్తకి నచ్చుతుంది అనుకుని హాయిగా కళ్లు మూసుకున్నాను. అంతే, ఒక్కసారిగా డ్రమ్ములు, గిటార్లు మీద పడ్డాయి. ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్స్ లాగేశాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, కరెంటు కొట్టినాదేటి?" అంది.

ఏమీ లేదని చెప్పి, ఫోన్ పాడైందేమోనని మళ్లీ చెవిలో పెట్టి చూశాను. అప్పుడు ఫోన్‌లో ఓ ఆడమనిషి పాట అందుకుంది. ఆ గొంతుకి నా దగ్గర మాట లేదు. కింద గిటార్లు రాళ్ల లారీ దొర్లిపోతున్నట్టు మోత పెడుతుంటే, వాటితో పోటీ పడకుండా, అరవకుండా, వాటికి చాలా పైన నిలబడి పాడుతోంది. సినిమా పాటలో గొంతులాంటిది కాదు, కచేరీలో గొంతులాంటిదీ కాదు. మాటలు సగం అర్థం కాలేదు. విజయనగరంలో మా పుట్టింటి వీధిలో పొద్దున్నే సాధన చేసే గొంతులు వింటూనే పెరిగాను. నాకు సంగీతం రాకపోయినా మంచి గొంతేదో పోల్చుకోగలను. ఇది మంచి గొంతు. పొందూరు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. కాంప్లెక్స్‌లో అందరూ దిగాక కండక్టర్ వచ్చి లేపాల్సి వచ్చింది, నిద్రపోతున్నాననుకుని.

మా అత్తకి మాత్రం వినిపించలేదు. వినిపించి ఏమని చెప్పను?

మర్నాడు షాపాయన్ని అడిగాను, ఆ బృందానివి ఇంకేమైనా ఉన్నాయా అని. ఆయన నావైపు అనుమానంగా చూశాడు. "మేడమ్, నాను నిన్న ఒకపాలి పెట్టి సూసినాను. అయ్యి సర్చి పాటలు కావు. మీరు తిడతారని భయపడతన్నాను."

"తిట్టను. ఉన్నవన్నీ తెప్పించండి."

వాటిని సింఫోనిక్ మెటల్ అంటారని కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నెట్ చూసి తెలుసుకున్నాను. యూరప్‌లో ఎక్కడో చలిదేశపు బృందం. పాడే ఆవిడ ఒపేరా, అంటే మైకు లేకుండా హాలంతా వినిపించేలా పాడే విద్య, నేర్చుకున్న మనిషి. షాపాయన ఎక్కడెక్కడో వెతికి ఒక్కో ఆల్బమ్ సంపాదించేవాడు. వాళ్ల తొలి రోజుల ఆల్బమ్‌లో నిజం ఆర్కెస్ట్రా ఉన్నట్టు లేదు, అంతా కీబోర్డు. గొంతు కూడా కొంచెం బెదురుగా ఉంటుంది. తర్వాతి దాంట్లో వయొలిన్లు వచ్చాయి, కోయిర్ పెద్దదైంది, ఆవిడకీ ధైర్యం వచ్చింది. ఒకటి మొత్తం సముద్రం మీద ఓ ఓడ కథ. ఒక్కో ఆల్బమ్‌ని కొన్ని వారాలు విని, విసుగొచ్చాక గాని కొత్తది పెట్టుకునేదాన్ని కాదు. అవి వినడం మొదలెట్టాక కాలేజీలో గొంతు చించుకోవడం తగ్గింది. అరవకుండా కూడా వినిపించవచ్చని నాకు ఎలాగో తోచింది.

మా అత్తకి తెలిసిపోయింది ఓ ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక పెరటి గదిలో పొందూరు చీరలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఫోన్ కిటికీలో పెట్టి, ఇయర్‌ఫోన్స్ తగిలించుకున్నాను. చీర లాగడంలో వైరు ఊడింది. ఫోన్ గొంతెత్తింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఫోన్ అందుకునేలోగా మా అత్త గుమ్మంలో ఉంది.

"ఏటే అది?"

"ఏం లేదత్తా, ఆపేస్తన్నాను."

"ఆపీకు. ఉండనీ."

వచ్చి స్టూలు మీద కూర్చుంది. కళ్లు చిట్లించి, తల ఓ పక్కకి వంచి, రోగి గుండె చప్పుడు వింటున్నట్టు విన్నది. పాటలో ఆవిడ పైస్థాయి అందుకునే చోట మా అత్త గడ్డం కూడా కొంచెం పైకి లేచింది. తర్వాత మగగొంతు వచ్చింది. ఆ తరహా పాటల్లో మధ్యలో ఒకతను పాడడు, బొంగురుగా గర్జిస్తాడు. మా అత్త నా వైపు తిరిగింది.

"ఆడికేటైనాది?"

"అలగే పాడతారత్తా. అదో పద్ధతి."

"పద్ధతేటి? గొంతు పుండైపోనాది. ఉప్పునీళ్లు పుక్కిలించి ఆవిరి పట్టమను." నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. "ఆడిని ఒగ్గీ. ఆ పాడీ గుంట ఎవుర్తే? ఆ గుంటకి నేర్పినోళ్ళు గట్టోళ్ళు. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి మా అత్త కుడిచెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"ఊపిరి ఇక్కడ పట్టాల. గొంతులో కాదు. దొరసానమ్మ మాకు పొట్ట మీద బరువైన బైబిలు పెట్టి, ఎల్లకిలా పడుకోబెట్టి పాడించీది."

"ఏ దొరసానమ్మ?"

ఆ రోజు ఇస్త్రీ పూర్తి కాలేదు. నర్సు ట్రెయినింగులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రిలో ఓ విదేశీ డాక్టరమ్మ ఉండేదట. చిన్నప్పుడు ఒపేరా నేర్చుకుని, డాక్టరై ఇక్కడికి వచ్చిందట. ఆపరేషన్లు లేని సాయంత్రాలు నర్సు పిల్లల్ని పోగుచేసి నాలుగు వరసల కోయిర్ నేర్పేదట. అన్నిటికంటే పై వరస, సోప్రానో, మా అత్తది. "ప్రసవాల వార్డులో నొప్పులు పడతన్నోళ్లు కూడా మా పాట ఇని ఊరుకునీవోరు," అంది, గర్వంగా.

"మరి ఇప్పుడెందుకు పాడవత్తా?"

"దొరసానమ్మ ఎల్లిపోనాది. తరవాత అందరూ ఒకటే వరస పాడీవోరు. ఆ గొంతుతో ఎవులికి పని? నానొక్కదాన్నీ అంత పైకెల్లి పాడితే, ఏటీ పిల్ల కీసుమంటాదనీవోరు. మానీసినాను." బాధగా ఏమీ చెప్పలేదు. పాత డ్యూటీ గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు మా ఇద్దరివి అయ్యాయి. చిన్న స్పీకరొకటి కొన్నాను. ఓడ కథ ఉన్న ఆల్బమ్ ఆవిడకి బాగా ఇష్టం. మగాడి గర్జన రాగానే "తోసీ ముందుకి" అనేది. నేను తోసేదాన్ని. డ్రమ్ములు మొదట్లో "పెళ్లి బేండు" అనిపించాయి గాని, కొన్నాళ్లకి వాటికీ వేలితో దరువు వేయడం మొదలుపెట్టింది. మా ఆయన ఓసారి డ్యూటీ నించి వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. "అమ్మా, ఏటిది?" అన్నాడు. "నీకు తెల్దు, ఎల్లి కాళ్లు కడుక్కో," అంది మా అత్త.

అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చిన ఏడు అది. రాత్రంతా గాలి తలుపుల్ని బాదింది. పొద్దుటికి స్తంభాలు ఒరిగిపోయి, ఊరంతా కరెంటు పోయింది. మా ఆయన్ని విజయనగరం వైపు లైన్ల పనికి పంపేశారు. మా అమ్మావాళ్లు క్షేమమని ఆయన ఎవరి ఫోన్ నుంచో ఒక్క ముక్క చెప్పి మళ్లీ అందలేదు. మా ఫోన్లు చచ్చిపోయాయి. బోరు మోటారు లేదు, వీధి చివర చేతిపంపు దగ్గర అందరం బిందెలతో నిలబడేవాళ్లం. పెరట్లో వేపచెట్టు ప్రహరీ మీద కూలి, గోడతో సహా పక్కింటి వైపు పడింది.

గాలి తగ్గిన ఓ మధ్యాహ్నం, ఎండ కొత్తగా కడిగినట్టు ఉంది. ఇద్దరం పెరట్లో కొమ్మలు నరికి పక్కకి లాగుతున్నాం. చేతులు దోక్కుపోయాయి. నేను, "ఇప్పుడా ఓడ పాట ఉంటే బాగుండు," అన్నాను ఊరికే.

మా అత్త కత్తి కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మొదట గొంతులోపలే తీసింది. అది ఓడ పాటే, మాటలు లేకుండా. "ఆ... ఆ..." అంటూ మెట్టు మెట్టుగా ఎక్కింది. పై మెట్టు దగ్గర గొంతు చీలింది. "ఛీ," అని ఆగి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, చెయ్యి పొట్ట మీద ఆనించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కేసింది. ఆ చిన్న మనిషిలోంచి అంత గొంతు వస్తుందని నేను ఊహించలేదు. గొంతులో వణుకు ఉంది, వయసు తెలుస్తోంది, కానీ సూటిగా పైకి వెళ్లి అక్కడ నిలబడింది. ఫ్యానుల రొద, టీవీల మోత ఏదీ లేని ఊళ్లో ఆ గొంతు ఎంత దూరం వెళ్లిందో! చేతిలో కొమ్మ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

కూలిన గోడ మీదుగా పక్కింటావిడ తొంగి చూసింది. "ఓలమ్మ! రేడియో అనుకున్నాను. పిన్నీ, నువ్వేనా?"

"నానే. ఏం, బాగోనేదా?"

"ఇంకోటి పాడు."

మా అత్త దొరసానమ్మ నేర్పిన కీర్తన ఒకటి పాడింది. ఎదురింటివాళ్లు కూడా వచ్చారు. పాట అయ్యాక అందరూ కలిసి మా కొమ్మలు లాగేశారు. పక్కింటావిడ కట్టెల పొయ్యి మీద టీ పెట్టి తెచ్చింది. పొగవాసన టీ. ఇన్నాళ్లలో అంత మంచి టీ తాగలేదని ఇద్దరం అనుకున్నాం.

ఆ క్రిస్మస్‌కి చర్చి కోయిర్‌లో పై వరస పాడమని నేనే ఆవిడ్ని తొందరపెట్టాను. "ముసల్దాన్ని, నవ్వుతారు," అంది గాని, రిహార్సల్‌కి మంచి చీర కట్టుకునే బయల్దేరింది. కోయిర్‌లో అంతా కుర్రవయసు పిల్లలు, చేతుల్లో మైకులు. కీబోర్డు వాయించే అబ్బాయి, "ఆంటీ, మైకు దగ్గరగా పెట్టుకోండి," అన్నాడు. మా అత్త మైకుని అతని చేతికే తిరిగి ఇచ్చి పాడి చూపించింది. అతను పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు, "మీరు అలాగే పాడండమ్మా. మైకులు వీళ్లకి చాలు," అన్నారు.

పండగనాడు కోయిర్ అంతా కింది వరసలో పాడుతుండగా, చివరి చరణంలో మా అత్త గొంతు వాళ్ల మీద లేచింది. పిల్లలు తలలు తిప్పి చూశారు. వెనక ఎవరో చంటిపిల్ల కేరింత కొట్టింది. ఓ చోట ఆవిడ ఊపిరి చాలక ముక్క వదిలేసింది. నాకు తెలిసింది గాని మరెవరికీ తెలియలేదు. మా ఆయన నా పక్కన బిగుసుకుని కూర్చుని, పాట అయ్యేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. తన తల్లి పాడగా వినడం అతనికి అదే మొదటిసారి.

కొత్త సంవత్సరంలో కోయిర్ అమ్మాయిలు కొందరు శనివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మా అత్త వరండాలో చాపలు పరిచి, వాళ్లని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టల మీద నా ఇంగ్లీషు డిక్షనరీలు పెడుతుంది. ఊపిరి సరిగ్గా తీస్తే పుస్తకం లేవాలి. మొదటి శనివారం ఓ పిల్లకి నవ్వొచ్చి పుస్తకం దొర్లిపోయింది. అది చూసి మిగతావాళ్లు నవ్వారు. చివరికి మా అత్త కూడా నవ్వింది.

"అత్తా, టీ పెట్టమంటావా?" అని వంటింట్లోంచి అడిగాను.

"పెట్టు. పెట్టి నువ్వూ వచ్చి పడుకో. నీ ఊపిరి కూడా సూడాల."

స్టవ్ సిమ్‌లో పెట్టి వెళ్లాను. చాప మీద చివర కొంచెం చోటుంది.